ఒళ్లు సల్లవడ్డదంటే జ్వరం పోయినట్టేనా? సెప్సిస్‌పై అపోహలు - వాస్తవాలు

రాత్రి పదకొండున్నరకు ఆటోలోంచి దింపారు పెద్దాయన్ని. అరవై దాటిన రైతు. కల్వకుర్తి దగ్గరి ఊరు. పదేళ్లుగా షుగర్ ఉంది. వెంట వచ్చిన భార్య ముఖంలో భయం కన్నా ఊరటే ఎక్కువ కనిపించింది. "మూడు దినాలు కాలిపోయిండు సిస్టరూ. ఇయ్యాల మాపటీలికి ఒళ్లు సల్లవడ్డది. జ్వరమైతే ఇడిసింది, నీరసమే పోతలేదు" అన్నది.

చెయ్యి పట్టుకుంటే నిజంగానే చల్లగా ఉంది, చెమటతో జిగటగా. పై బీపీ 70. ఊపిరి నిమిషానికి 34 సార్లు. మోకాళ్ల మీద ఊదారంగు మచ్చలు వలలాగా పరుచుకున్నాయి. ఒంటికి ఎప్పుడు పోయాడని అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "పొద్దుగాల పోయిండేమో, యాదికి లేదు" అన్నది. కాలికి చుట్టిన పాత ధోతి గుడ్డ విప్పాకే అసలు సంగతి బయటపడింది. పత్తి చేన్లో తుమ్మ ముల్లు దిగి పది రోజులైంది. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ పోయింది కాబట్టి ఆయనకు నొప్పే తెలియలేదు.

మా దిక్కు పెద్దలు "సల్లగుండు బిడ్డా" అని దీవిస్తారు. చల్లదనం మనకు ఎప్పుడూ మంచి మాటే. అందుకే కాబోలు, జ్వరంతో ఉన్న మనిషి చల్లబడితే ఇంటిల్లిపాదీ కుదుటపడతారు. ఆ రాత్రి ఆయన జ్వరం తగ్గి చల్లబడలేదు, బీపీ పడిపోయి అవయవాలకు రక్తం అందని స్థితిలోకి, అంటే షాక్‌లోకి వెళ్లి చల్లబడ్డాడు.

నేను పాలమూరులో ఐసీయూ స్టాఫ్ నర్సుని, పన్నెండేళ్లుగా. డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చి వెళ్లాక, గేటు బయట చెప్పుల పక్కన కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ మాకే వస్తాయి. కింద రాసినవి అక్కడ పదేపదే విన్నవే.

అపోహ: "సెప్టిక్ అంటే పుండుకు చీము పట్టడమే."

మన వాడుకలో సెప్టిక్ అయిందంటే గాయం పాడైందని. అందుకే డాక్టరు "సెప్సిస్" అనగానే ఇంటివాళ్లు పేషెంటును కిందినుంచి మీదికి చూసి, "పుండే లేదు గదా సార్" అంటారు. ఈ రెండూ ఒకటి కావు. న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపులో పగిలిన అపెండిక్స్, కాలిమీద చిన్న గీత, మొదలు ఏదైనా కావచ్చు. బ్యాక్టీరియాతోనే రావాలని కూడా లేదు. డెంగీ, కరోనా, మలేరియా, ఫంగస్, ఏదైనా ఆ దారి పట్టొచ్చు. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకుని, ప్రాణం మీదికి తెచ్చుకుంటే అది సెప్సిస్. 2016 నుంచి డాక్టర్లు వాడుతున్న నిర్వచనం సారం ఇదే.

లోపల జరిగేది రైతుకు చెప్పడం తేలిక. రక్తనాళాలు వదులైపోతాయి, వాటి గోడల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. గట్టుకు బుంగలు పడ్డ కాలువకు పైన ఎన్ని నీళ్లు వదిలినా చివరి మడికి చేరవు. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ బాధ ఒకరు వివరించక్కర్లేదు. ఒంట్లో ఆ చివరి మడులు కిడ్నీలు, మెదడు, కాలివేళ్లు.

2017లో ప్రపంచం మొత్తం మీద 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా. ఆ ఏడాది ప్రతి ఐదు చావుల్లో ఒకటన్నమాట. సెప్టెంబర్ 13న దీనికి ఒక ప్రపంచ దినం కూడా ఉంది. అయినా మా ఊళ్లలో "జొరమొచ్చి పోయిండు" అంటారు, "కిడ్నీలు ఫెయిలైనయి" అంటారు, "షుగర్ ఎక్కువైంది" అంటారు. సెప్సిస్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

అపోహ: "జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు."

ముసలివాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో, పసిపిల్లల్లో జ్వరం రాకుండానే సెప్సిస్ రావొచ్చు. ఒంటి వేడి మామూలు కన్నా పడిపోవడం కూడా ప్రమాద సూచనే. మరి ఇంట్లో ఏం చూడాలి? ముందు ఊపిరి. పడుకున్న మనిషి పొట్ట మీద చెయ్యి వేసి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, నిమిషం నిండా లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వద్దు, తప్పు వస్తుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 22కు చేరిందంటే ఇంట్లో ఉంచే కేసు కాదు.

తర్వాత మాట. నిన్నటిదాకా మనవరాలిని పేరు పెట్టి పిలిచిన అవ్వ ఇవాళ ఆ పిల్లను చూసి "ఎవరు బిడ్డా నువ్వు" అంటే, అది ముసలితనం చాదస్తం కాదు. ఒక్కరోజులో వచ్చిన మార్పును వయసు మీదికి నెట్టొద్దు.

మూత్రం సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. మేం గంటగంటకూ చూసేది మాత్రం దాన్నే. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి, చిన్న టీ కప్పులో సగం కన్నా తక్కువే. అది కూడా రావడం లేదంటే కిడ్నీలకు రక్తం అందడం లేదనే భయం మాకు. ఇంట్లో కొలవక్కర్లేదు గానీ, పొద్దున్నుంచి పోయాడా లేదా అన్నది ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి.

కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సిమీటర్లు చాలా ఇళ్లలో అల్మారాల్లో ఉన్నాయి. పనికొస్తాయి. అయితే వేళ్లు చల్లబడి రక్తం అందనప్పుడు ఆ అంకెను నమ్మలేం. "97 చూపెట్టింది సిస్టర్" అని ధైర్యంగా కూర్చున్నవాళ్లను నేను చూశాను.

అపోహ: "టీటీ ఇంజెక్షన్ వేయించినం, ఇంక ఏం గాదు."

టీటీ ధనుర్వాతాన్ని ఆపుతుంది. అంతే. వేయించుకోండి, మంచిదే. కానీ గాయంలో పెరిగే మిగతా బ్యాక్టీరియాకు దానితో సంబంధం లేదు. ఎర్రదనం పైకి పాకుతుంటే, వాపు పెరుగుతుంటే, టీటీ వేసిన చీటీ చూసుకుని ఊరుకోవద్దు.

అపోహ: "ప్లేట్‌లెట్లు పడిపోయినయి, డెంగీయే."

వానాకాలం మొదలైతే జ్వరం కన్నా ముందు ప్లేట్‌లెట్ల టెన్షన్ వస్తుంది. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, రోజుకు రెండుసార్లు రక్తపరీక్ష. సెప్సిస్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీకి యాంటీబయాటిక్ పనిచేయదు. బ్యాక్టీరియా వల్ల వచ్చిన సెప్సిస్‌లో యాంటీబయాటిక్ ఆలస్యమైతే మనిషే దక్కడు. ఆకు రసంతో రెండు రోజులు గడపడమంటే ఆ రెండు రోజులు పోగొట్టుకోవడమే. చేలల్లో, పొదల్లో పనిచేసేవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. స్క్రబ్ టైఫస్ అని నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఉంది. దానిలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కుట్టినచోట బీడీతో కాల్చినట్టు నల్లని పొక్కు కట్టొచ్చు, అదీ చంకలోనో గజ్జల్లోనో, ఎవరికీ కనబడని చోట. సమయానికి పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో తగ్గిపోతుంది. స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడమని ఆడవాళ్లకు నేను ప్రత్యేకంగా చెబుతాను. మచ్చ లేకపోయినా ఆ జబ్బు ఉండొచ్చు, అది వేరే సంగతి.

అపోహ: "రెండు సూదులేసి, ఒక గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూసుంటడు."

ఆర్ఎంపీలను తిట్టడం నాకిష్టం లేదు. తండాలో రాత్రి ఒంటిగంటకు తలుపు తీసేది ఆయనొక్కడే. తిట్టాల్సింది ఆ రెండు సూదుల్లో తరచూ ఉండే సరుకును. ఒకటి నొప్పి, జ్వరం తగ్గించేది. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి అది కిడ్నీల మీద దెబ్బ. రెండోది డెక్సా, స్టెరాయిడ్. జ్వరం దిగుతుంది, ఆకలవుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఊరంతా మెచ్చుకుంటుంది. లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది, షుగర్ పైకి పోతుంది. మర్నాడు రాత్రికి మా దగ్గరికి వస్తారు.

ఇక గ్లూకోజ్. సెప్సిస్‌లో బీపీ పడిపోయినవాళ్లకు మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించడం మామూలు పద్ధతి. 60 కిలోల మనిషికి 1800 మిల్లీలీటర్లు, అంటే అర లీటరు బాటిళ్లు మూడున్నరకు కాస్త పైనే. అది గ్లూకోజ్ కాదు, నార్మల్ సెలైన్ లేదా ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్). గుండె, కిడ్నీల పరిస్థితి చూసుకుంటూ ఎక్కించాలి. షాక్‌లో ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్ష కోసం రక్తం దానికన్నా ముందే తీయాలి. ఇవి మంచం పక్కన వేపచెట్టుకు బాటిల్ వేలాడదీసి చేసే పనులు కావు. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా సరే, ఒక్క పని చేయండి. ఏం సూది వేశాడో ఖాళీ సీసా జేబులో వేసుకుని రండి. మాకు సగం పని తగ్గుతుంది.

అపోహ: "బాలింతకు పాలు వడేటప్పుడు జ్వరం వస్తది."

పాలు దిగేటప్పుడు రొమ్ములు గట్టిపడి కాస్త ఒళ్లు వెచ్చబడితే బడొచ్చు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పొత్తికడుపులో నొప్పి, మైలలో, అంటే కాన్పు తర్వాత పోయే రక్తంలో దుర్వాసన, గుండె దడ కనబడితే అది గర్భాశయంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కుంటే బాలింతల చావులు బాగా తగ్గుతాయని చూపించాడు. తోటి డాక్టర్లలో చాలామందే ఒప్పుకోలేదు. ఇప్పుడు మన ఇళ్లలో అత్తగార్లు ఒప్పుకోవడం లేదు. "ఇరవై ఒక్క దినం కాకముందే గడప దాటొద్దు" అని మూసిన గదిలో ఉంచిన బాలింతను జ్వరంతో ఆరో రోజున గానీ తేలేదు ఒకసారి. బాలింతకు జ్వరం వస్తే గడప దాటాల్సిందే.

పసిగుడ్డు సంగతి ఇంకా సున్నితం. పాలు పట్టకపోవడం, ఒళ్లు చల్లబడటం, ఏడుపు సన్నబడటం, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి, ఇవే గుర్తులు. బొడ్డు మీద బూడిద, పసుపు, నూనె ఏదీ వద్దు. పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది.

అపోహ: "సెప్సిస్ అంటుకుంటుంది, పిల్లలను దగ్గరికి రానియ్యొద్దు."

సెప్సిస్ అంటుకోదు. దానికి కారణమైన కొన్ని ఇన్ఫెక్షన్లు మాత్రం అంటుకోవచ్చు. చేతులు కడుక్కుని రండి.

అపోహ: "దవాఖానకు వచ్చినంకనే ఇన్ఫెక్షన్ అంటిచ్చిన్రు."

దీన్ని అపోహ అని పూర్తిగా కొట్టిపారేయలేను. మూత్రం గొట్టం, మెడలో లైను, వెంటిలేటర్ గొట్టం, ఎన్ని ఎక్కువ రోజులుంటే అంత ప్రమాదం. అందుకే రోజూ "ఈ గొట్టం ఇంకా అవసరమా?" అని మేమే డాక్టర్లను అడగాలి. మీరు కూడా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా అడగండి. అయితే చాలామంది విషయంలో ఇన్ఫెక్షన్ ఇంటి నుంచి వచ్చినదే. పెద్దాయన తుమ్మ ముల్లు మాకు తెలియకముందే పది రోజుల పాతది.

అపోహ: "వెంటిలేటర్ పెట్టిన్రంటే అయిపోయినట్టే. డయాలసిస్ మొదలైతే బతికినంత కాలం తప్పదు."

వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేదాకా ఊపిరి బరువు మోస్తుంది. దాన్నుంచి దిగి నడుచుకుంటూ వెళ్లినవాళ్లు ఉన్నారు, దిగనివాళ్లూ ఉన్నారు. ముందే చెప్పడం మాకూ కష్టమే. డయాలసిస్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. సెప్సిస్‌లో దెబ్బతిన్న కిడ్నీలు, మనిషి గట్టెక్కితే చాలామందిలో కోలుకుంటాయి. నాలుగైదు సార్లు చేయించుకుని ఆపేసినవాళ్లు మా రిజిస్టర్‌లోనే ఎందరో. "జీవితాంతం డయాలసిస్ మావల్ల గాదు" అని సంతకం పెట్టి తీసుకుపోయిన కేసులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పదు.

డబ్బు భయం నిజమైన భయం. చేర్చిన రోజే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆ ఆస్పత్రికి, ఆ చికిత్సకు వర్తిస్తుందో లేదో అక్కడే తేలుతుంది. హైదరాబాద్‌కు రెఫర్ చేస్తే వంద కిలోమీటర్ల దారిలో బీపీ నిలబెట్టే మందు ఆగకూడదు, కాబట్టి 108 కావాలి, మేనమామ కారు కాదు.

అపోహ: "డిశ్చార్జ్ అయిండు, ఇంక మామూలే."

పెద్దాయన బతికాడు. రెండు కాలివేళ్లు తీసేశారు. పంతొమ్మిది రోజులు ఉన్నాడు మా దగ్గర. ఇంటికి వెళ్లిన నెలకు భార్య ఫోన్ చేసి, "గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతది. రాత్రుళ్లు లేసి కూసుంటడు. తలెంటికలు దువ్వెన నిండ రాలుతున్నయి. ఏమన్న చేసిన్రా సిస్టరూ?" అని అడిగింది. ఎవరూ ఏమీ చేయలేదమ్మా. ఐసీయూలో పడుకున్న రోజుల్లో కండ కరిగిపోతుంది. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, మతిమరుపు, ఊరికే ఏడుపు రావడం నెలల తరబడి ఉండొచ్చు. జుట్టు రెండు మూడు నెలలకు రాలి, మళ్లీ వస్తుంది. ఆ కొన్ని నెలల్లో మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువే కాబట్టి ఏ జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. మంచం మీద ఉంచి బత్తాయి రసం తాపితే కండ రాదు. గుడ్లు, పప్పు పెట్టాలి, పొద్దునా మాపూ వాకిట్లో నాలుగడుగులు వేయించాలి.

కొడుకు పుణెలో సెంట్రింగ్ పని వదిలి నెలన్నర ఇక్కడే ఉండిపోయాడు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తలమీద అలాగే ఉంది. ఆమెకు మాత్రం ఇప్పటికీ రాత్రి మెలకువ వస్తే ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసే అలవాటు పోలేదట. వేడిగా ఉందో లేదో కాదు, చల్లగా ఉందేమోనని.

మొన్న కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు పెద్దాయన. ఆమె మందుల షాపుకు వెళ్లిన సందు చూసి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "సిస్టరూ, నేను పండుకున్న మంచం పక్కన రెండు బర్రెలు కట్టేసి ఉండె. మా ఇంటామె లెవ్వంటది. నిజంగ లెవ్వా?"