హేజల్ అడిగిన ప్రశ్న

పిల్లలూ,

'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' చదివి మీలో చాలామంది కళ్లు వాచేలా ఏడ్చారని విన్నాను. ఏడవండి, తప్పేమీ లేదు. నాకూ ఆ నవలంటే ప్రాణమే. అయితే మీరు అగస్టస్ కోసం ఏడిస్తే, నన్ను పట్టుకుని వదలనిది హేజల్ వాళ్ల అమ్మ. ఈ ఉత్తరం ఆమె గురించే. నవల ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగి, చదివాక రండి. కథంతా విప్పి చెప్పకుండా నా మాట చెప్పలేను.

జాన్ గ్రీన్ ఈ నవలను 2012లో ప్రచురించారు. కథ అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో జరుగుతుంది. కథానాయిక హేజల్‌కు 16 ఏళ్లు. థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది కాబట్టి ముక్కుకు గొట్టం, వెంట ఆక్సిజన్ సిలిండర్ తప్పవు. ఆమె ప్రేమించే అగస్టస్‌కు ఎముక క్యాన్సర్ వల్ల ఒక కాలు తీసేశారు. అతని స్నేహితుడు ఐజాక్‌కు క్యాన్సర్ వల్లే ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది తీసేయబోతున్నారు. వీళ్లంతా క్యాన్సర్ పిల్లల కోసం చర్చి నేలమాళిగలో జరిగే సమావేశంలో కూర్చుని తమ జబ్బు పేరు పైకి చెప్పుకుంటారు, దానిమీద జోకులు వేసుకుంటారు.

మా తరానికి ఇది వింత. 'ప్రేమాభిషేకం' 1981లో వచ్చింది. అందులో అక్కినేని పాత్రకు క్యాన్సర్ అని తెలుస్తుంది. ప్రేమించిన అమ్మాయికి ఆ సంగతి చెప్పడు. ఆమె తనను అసహ్యించుకుని మరొకరిని పెళ్లి చేసుకోవాలని చెడ్డవాడిగా నటిస్తాడు. దాన్ని గొప్ప త్యాగమనుకుని చేతిరుమాళ్లు తడుపుకున్నాం. నిజం తెలుసుకునే హక్కు ఆ అమ్మాయికి లేదా అని మాలో ఎవరికీ తోచలేదు. 1989 నాటి 'గీతాంజలి' వచ్చేసరికి కథానాయిక తన చావు గురించి తానే నవ్వుతూ మాట్లాడింది. కానీ ఇళ్లల్లో మాత్రం గుసగుసలే. పక్క గదిలో పడుకున్న మనిషికి వినపడకూడదని తలుపు దగ్గరగా వేసి మాట్లాడుకునేవారు. ఆ మనిషికి అన్నీ వినపడేవి.

హేజల్‌కూ వినపడింది. 13 ఏళ్ల వయసులో జబ్బు బయటపడిన కొత్తలో, ఆమె ఆసుపత్రిలో చావు అంచున ఉన్నప్పుడు, తల్లి భర్త గుండెల మీద వాలి ఏడుస్తూ తాను ఇక అమ్మను కాకుండా పోతానని అంటుంది. కూతురు స్పృహలో లేదనుకుంది. ఆ ఒక్క మాటను ఆ పిల్ల మూడేళ్లు మోసింది. నవలంతా ఆ మాట మీదే నిలబడి ఉందని నా అభిప్రాయం.

ఎలాగో చెబుతాను. హేజల్ మంచి పాఠకురాలు. మీకంటే మొండి పాఠకురాలు కూడా. ఆమెకు ఇష్టమైన నవల ఒకటుంది. అది జాన్ గ్రీన్ కల్పించినది, బయట ఎక్కడా దొరకదు, వెతక్కండి. అందులో క్యాన్సర్ ఉన్న ఆనా అనే అమ్మాయి తన కథ తానే చెబుతుంది, కథ ఒక వాక్యం మధ్యలో తెగిపోతుంది. ఆనా చనిపోయిందో, రాయలేనంత నీరసించిందో మనం ఊహించుకోవాలి. హేజల్‌కు దానితో పేచీ లేదు. ఆమె పట్టుబట్టేది మిగిలినవాళ్ల సంగతి కోసం. ఆనా వాళ్ల అమ్మ ఏమైంది? మళ్లీ పెళ్లి చేసుకుందా? చివరికి ఇంట్లో పెంచుకుంటున్న హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక ఏమైంది? ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్న ఆ నవల రచయిత వాన్ హౌటెన్‌కు ఉత్తరం మీద ఉత్తరం రాస్తుంది. జవాబు రాదు. అగస్టస్ పూనుకుని ఆమెను అంత దూరం తీసుకెళ్తే, ఆ పెద్దమనిషి పట్టపగలే తాగి కూర్చుని, కథ ముగిశాక పాత్రలకు ఏమీ జరగదని కసురుతాడు.

అంత దూరం వెళ్లి హ్యామ్‌స్టర్ గురించి అడగడం మీకు నవ్వు తెప్పించి ఉండవచ్చు. ఆమె అడిగింది సొంత తల్లి గురించి. నేను పోయాక మా అమ్మ బతుకుతుందా, బతికితే ఏం చేస్తుంది? ఎవరూ జవాబు చెప్పలేని ఆ ప్రశ్ననే ఆమె ఒక కల్పిత కుటుంబం మీద పెట్టి అడుగుతోంది. మనకు ఇష్టమైన పుస్తకాలతో మనమందరమూ కొంత ఇలాగే ప్రవర్తిస్తాం.

జవాబు రెండు రూపాల్లో వస్తుంది. మొదటిది వాన్ హౌటెనే. అతని కూతురు ఎనిమిదేళ్లకే క్యాన్సర్‌తో చనిపోయిందని తర్వాత బయటపడుతుంది. ఆ తండ్రి మద్యం సీసాలో మునిగిపోయాడు, మళ్లీ పైకి తేలనేలేదు. రెండోది హేజల్ తల్లి. ఒకరోజు ఇంట్లో గొడవ ముదిరి, హేజల్ ఆ పాత మాటను తల్లి ముఖానే అడిగేస్తుంది. నేను పొరపాటుగా అన్నాను, ఎప్పటికీ నీ అమ్మనే అంటుంది తల్లి. అప్పుడే ఇంకో గుట్టు కూడా బయటికి వస్తుంది. ఆమె కూతురికి తెలియకుండా సోషల్ వర్క్‌లో ఎం.ఏ. స్థాయి చదువు చదువుతోంది, ఇలాంటి కుటుంబాలకు తోడుగా ఉండాలని. నీ తర్వాతి రోజుల కోసం ఏర్పాటు చేసుకుంటున్నానని నువ్వు నొచ్చుకుంటావేమో అని దాచింది. హేజల్ నొచ్చుకోదు, సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతుంది. ప్రేమకథలో ముద్దు సన్నివేశం కంటే ఇదే నాకు గొప్ప సన్నివేశం. మీరు ఒప్పుకోరని తెలుసు.

వైద్యం సంగతి కొంచెం. హేజల్‌ను నిలబెట్టిన ఫలాంక్సిఫోర్ మందు నిజంగా లేదు, తానే కల్పించానని జాన్ గ్రీనే పుస్తకం చివర రాసుకున్నారు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో అత్యధికులు చికిత్సతో బాగుపడతారు, హేజల్ పరిస్థితి అరుదైనది. అగస్టస్‌కు వచ్చిన ఎముక క్యాన్సర్ ఎదిగే వయసులో, తరచుగా మోకాలి దగ్గర వస్తుంది. ఇప్పుడు చాలా సందర్భాల్లో కాలు తీయకుండానే శస్త్రచికిత్స చేస్తున్నారు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద దేశాల్లో 30 శాతం లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, చికిత్సను మధ్యలో మానేయడం అందుకు ముఖ్య కారణాలు. నవల చదివి క్యాన్సర్ అంటే చావేనని స్థిరపరచుకోకండి.

నవల పేరు షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్' నుంచి వచ్చింది. తప్పు నక్షత్రాలది కాదు, మనదేనని అక్కడ కేసియస్ బ్రూటస్‌తో అంటాడు. ఈ నవల దాన్ని తిరగేస్తుంది. పదమూడేళ్ల పిల్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి ఆ పిల్ల చేసిన తప్పేముంది? పరామర్శకు వచ్చి 'ఏ జన్మలో చేసుకున్న పాపమో' అనే పెద్దలకు నేనైతే ఈ పుస్తకం చేతిలో పెడతాను.

నవలను ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి అంకితం ఇచ్చారు. జాన్ గ్రీన్‌కు స్నేహితురాలైన ఆమె 2010లో, 16 ఏళ్లకే థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయింది. హేజల్ ఎస్తర్ కాదని రచయిత పదేపదే చెప్పారు, ఆ తేడాను మనం గౌరవించాలి. ఎస్తర్ డైరీలు, ఉత్తరాలు, బొమ్మలు 2014లో 'దిస్ స్టార్ వోంట్ గో ఔట్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. అదే పేరుతో ఆమె తల్లిదండ్రులు ఒక సంస్థ పెట్టి, క్యాన్సర్ పిల్లలున్న కుటుంబాలకు ఖర్చుల్లో సాయం చేస్తున్నారు. హేజల్ వాళ్ల అమ్మ కల్పిత పాత్రే కావచ్చు, కానీ అలాంటి అమ్మానాన్నలు ఉన్నారు.

మీ జాబుల కోసం ఎదురుచూస్తాను. ఈసారి హేజల్ వాళ్ల నాన్న గురించి రాయండి. ఎప్పుడు చూసినా కళ్లు తుడుచుకునే ఆ మనిషి గురించి మీలో ఒక్కరూ ఒక్క మాటైనా అనలేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ