నైరుతికి తిరిగిన డిష్

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మేం నలుగురం ఫోన్లో కలుస్తాం. ఒకడు కువైట్‌లో ఉంటాడు, ఒకడు హైదరాబాద్‌లో. మిగతా ఇద్దరం అమలాపురంలోనే. మేం ఆడేది జియోగెస్సర్. ఆంటోన్ వాలెన్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ 2013లో మొదలుపెట్టిన ఆట అది. గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫొటోల్లోంచి ఏదో ఒక రోడ్డు మీద మనల్ని దింపేస్తుంది. చుట్టూ చూసుకుని, అది భూమ్మీద ఎక్కడో మ్యాపులో గుర్తు పెట్టాలి. ఐదు రౌండ్లు. రౌండుకి ఎక్కువలో ఎక్కువ 5000 పాయింట్లు. దూరం తప్పినకొద్దీ అవి తగ్గిపోతాయి.

పోయిన నెల ఒక రౌండులో కొబ్బరితోట వచ్చింది. తోటకీ రోడ్డుకీ మధ్య కాలువ, దాని మీద సన్నటి సిమెంటు వంతెన, ఎడమ పక్కగా పోతున్న మోటారు సైకిలు. "మావా, మన ముక్తేశ్వరం రోడ్డురా ఇది!" అన్నాడు కువైట్ వాడు. వాడు ఊరొచ్చి మూడేళ్లయింది. నలుగురం కోనసీమలోనే గుర్తు పెట్టాం. తీరా చూస్తే అది థాయ్‌లాండ్‌లోని సముత్ సోంగ్‌ఖ్రామ్. దాదాపు 2000 కిలోమీటర్ల తేడా!

ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. అది మే క్లాంగ్ నది సముద్రంలో కలిసే చోటు. ఏ నదైనా సముద్రం దగ్గరికి వచ్చేసరికి వాలు తగ్గి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని దించేస్తుంది. వరద ఒడ్డు దాటినప్పుడు బరువైన ఇసుక ముందు ఒడ్డునే పడిపోతుంది. సన్నటి ఒండ్రు దూరం పోయి, నిలిచిన నీటిలో మెల్లగా అడుక్కి చేరుతుంది. అందుకే డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, అక్కణ్ణించి లోపలికి పోయేకొద్దీ పల్లం. మెరక మీద ఇళ్లు, కొబ్బరి. పల్లంలో వరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన కాలువలు పెరిగాయి, వాటి గట్ల మీదే రోడ్లు పడ్డాయి. నేల ఒకేలా ఉన్నప్పుడు ఊళ్లూ ఒకేలా కుదురుకుంటాయి.

అలాంటప్పుడు పైకి చూడాలి. ఈ ఆట నేర్చుకునేవాళ్లకి ముందుగా చెప్పే సూత్రం ఎండ గురించే. తెర మీద దిక్సూచి ఉంటుంది. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటే ఉత్తరార్ధగోళం, ఉత్తరాన ఉంటే దక్షిణార్ధగోళం. యూరప్‌కి ఇది బాగా పనిచేస్తుంది. మన దగ్గర మాత్రం ఏడాదిలో మూడు నెలలు తప్పుతుంది. అమలాపురం సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడేమో జూన్ 21 నాటికి 23.4 డిగ్రీల దాకా వెళ్తాడు. అంటే మే మొదటి వారంలో మన నెత్తి మీదుగా దాటి, ఆగస్టు మొదటి వారంలో మళ్లీ అలాగే వెనక్కి వస్తాడు. ఈ మధ్యలో మిట్టమధ్యాహ్నం మన నీడ దక్షిణానికి పడుతుంది.

మొన్న మే నెలలో మా అమ్మాయీ నేనూ డాబా మీద రోకలి నిలబెట్టాం. మన గడియారాలకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఇక్కడికి దగ్గరే కాబట్టి, ఇంచుమించు సరిగ్గా పన్నెండుకే నీడ రోకలి కిందికి ముడుచుకుపోయింది. అమ్మాయి రోకలి చుట్టూ వేలితో తడిమి, "నాన్నా, ఎక్కడికి పోయింది?" అంది. కాళ్లు కాలుతున్నా ఇద్దరం కాసేపు అక్కడే కూర్చుండిపోయాం.

నీడ మోసం చేసే చోట టీవీ డిష్ ఆదుకుంటుంది. ప్రసార ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతుంటాయి. కాబట్టి కింద ఉన్నవాళ్లకి కదలకుండా ఒకే చోట కనిపిస్తాయి. మా డాబా మీది డిష్ చూసేది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహాన్ని. అమలాపురం 82 దగ్గర ఉంది కాబట్టి అది దాదాపు తిన్నగా దక్షిణానికే తిరిగి ఉంటుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. ఎదురింటివాళ్ల డిష్ అందుకే ఆగ్నేయానికి ఒరిగింది. వాస్తు తెలిసినవాళ్లకి ఈ దిక్కులు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ఆట అయ్యాక అదే రోడ్డు మళ్లీ తెరిచి చూశాను. కాలువ అవతల రేకుల కప్పు మీద జల్లెడ లాంటి నల్లటి పెద్ద డిష్ ఉంది. దిక్సూచి తిప్పి చూస్తే నైరుతి. అక్కడి టీవీ ప్రసారాలు పంపే థాయ్‌కామ్ ఉపగ్రహాలు 78.5 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఆ ఊరేమో 100 డిగ్రీల దగ్గర. కోనసీమలో మామూలుగా ఏ ఇంటి డిష్షూ అటు తిరగదు. గ్రూపులో ఆ ఫొటో పెట్టాను. హైదరాబాద్ వాడు వెంటనే మ్యాపు తీసి చూసుకున్నాడు. 78.5 అంటే వాడు ఉంటున్న ఊరి రేఖాంశమే. అక్కణ్ణించి తిన్నగా దక్షిణానికి భూమధ్యరేఖ దాకా పోతే, ఆ థాయ్ ఇంటి టీవీకి బొమ్మ పంపే ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీద ఉంటుంది.