ఘాట్ రోడ్డులో టర్బో బండి హీటెక్కడం: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం మొదలైందంటే అలిపిరి టోల్‌గేట్ దాటి తిరుమల కొండ మీదికి వెళ్లే దారిలో అక్కడక్కడా బానెట్ ఎత్తిపెట్టిన బండ్లు కనిపిస్తాయి. పిట్టగోడ మీద ముసలివాళ్లు, పిల్లలు కూర్చుని ఉంటారు. డ్రైవరు చేతిలో నీళ్ల బాటిల్ ఉంటుంది. తిరుపతిలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను కాబట్టి వాటిలో కొన్ని కొండ దిగాక నా దగ్గరికే వస్తాయి. "కొండ నిటారుగా ఉంది కదన్నా", "ఎండ అట్లుంది", "టర్బో బండి, హీటెక్కకుండా ఉంటుందా" అని తలా ఒక మాట చెబుతారు. నేను విప్పి చూసిన బండ్లలో చాలావాటికి అసలు కారణం వేరే ఉంటుంది. కూలింగ్‌లో ఎప్పటి నుంచో చిన్న లోపం ఉంటుంది. చెన్నై హైవే మీద ఎనభైలో పోతుంటే ఎదురుగాలి దాన్ని కప్పేస్తుంది. నిండా జనంతో, చిన్న గేరులో, అరగంట సేపు ఆగకుండా ఎక్కాల్సి వస్తే బయటపడుతుంది. మొగిలి ఘాట్‌లో, భాకరాపేట ఘాట్‌లో జరిగేదీ ఇదే.

అపోహ: టర్బో ఉన్న ఇంజన్‌కు హీట్ తప్పదు.

డీజిల్ మండితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకు పనికొస్తుంది. మిగతాది సైలెన్సర్ గుండా కొంత, ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరిగే కూలెంట్ ద్రవం గుండా కొంత వేడిగా బయటికి పోవాలి. టర్బో ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది, దానికి తగ్గట్టు డీజిల్ కూడా ఎక్కువ మండుతుంది. వేడి పెరిగే మాట నిజమే. కానీ కంపెనీ ఆ లెక్కంతా చూసుకునే రేడియేటర్‌ను, ఫ్యాన్‌ను పెట్టింది. టర్బో నొక్కిన గాలి వంద డిగ్రీలు దాటి వస్తుంది కాబట్టి దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ కూడా ఇచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్న టర్బో బండి మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని ఎక్కినా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉండాలి.

మరి తేడా ఎక్కడ వస్తోంది? చాలా కార్లలో ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దగ్గర్లో ఇంటర్‌కూలర్, వెనక రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. సర్వీసింగ్‌లో బయటి నుంచి నీళ్లు కొడితే ముందున్నది తళతళలాడుతుంది. రెండింటి మధ్య సందులో ఉన్న చెత్త అలాగే ఉండిపోతుంది. బోల్టులు విప్పి కండెన్సర్‌ను కొంచెం ముందుకు జరిపి చూస్తే పురుగుల రెక్కలు, దుమ్ము, ఎండిన బంతిపూల రేకులు కలిసి దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. బండి పూజ చేయించి గ్రిల్‌కు కట్టిన దండల్లోంచి రాలిన రేకులే అవి. పూజ అయ్యాక దండ తీసి బండి లోపల పెట్టుకోండి. గ్రిల్‌కు అడ్డంగా కట్టిన బ్యానర్ కూడా గాలిని ఆపేస్తుంది. ఆ సందును ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. వాటర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేడియేటర్ సన్నటి లోహపు రేకులు వంగిపోయి గాలి దారి పూర్తిగా మూసుకుంటుంది.

అపోహ: పైకి పోయేకొద్దీ వాతావరణం చల్లబడుతుంది, ఇంజన్ కూడా చల్లబడుతుంది.

దీనికి మంచు దేశాల నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. అక్కడ కొండల మీద తిరిగే స్నోమొబైళ్లలో, అంటే మంచు మీద నడిచే బండ్లలో, ఇప్పుడు టర్బో ఇంజన్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి మన బండ్లలా ముందు రేడియేటర్ ఉండదు. కింద తిరిగే బెల్టు మంచును ఎగజిమ్ముతుంది. ఆ మంచు బండి అడుగున ఉన్న కూలర్‌కు తగిలి కరిగి, లోపల తిరిగే కూలెంట్‌ను చల్లబరుస్తుంది. మెత్తటి మంచులో పోతుంటే ఏ ఇబ్బందీ ఉండదు. గట్టిగా గడ్డకట్టిన దారి మీదికి వచ్చిందంటే మంచు ఎగరదు. చుట్టూ మైనస్ డిగ్రీల చలి ఉన్నా ఇంజన్ హీటెక్కిపోతుంది. అందుకే దారిని గీకి మంచు పొడి ఎగరేసే తీగల్లాంటి స్క్రాచర్లు బిగించుకుంటారు.

అంటే బయటి చలి ఒక్కటే సరిపోదు, ఇంజన్‌లోని వేడిని తీసుకుపోయేది ఏదో ఒకటి కూలర్‌కు తగులుతూ ఉండాలి. వాళ్లకు అది మంచు, మనకు గాలి. ఘాట్‌లో ఇరవై, ముప్పై స్పీడులో ఎదురుగాలి నామమాత్రమే. ఆ గాలిని తెచ్చేది ఫ్యాన్.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఫ్యాన్ బాగుంది.

నేను ఎక్కువ సేపు చూసేది ఇదే. జీపులు, పాత ఎస్‌యూవీలు, టెంపో ట్రావెలర్ల లాంటి వాటిలో ఫ్యాన్ మధ్యలో గుండ్రంగా ఒక కప్లింగ్ ఉంటుంది. దాని లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటర్ నుంచి వేడిగాలి తగిలితే కప్లింగ్ పట్టు బిగించి ఫ్యాన్‌ను జోరుగా తిప్పుతుంది, చల్లగా ఉంటే వదులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆయిల్ కారిపోతుంది. అప్పుడు కూడా ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది, కాకపోతే గాలి లాగదు. బండి వేడి మీదున్నప్పుడు ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. కొంచెం తిరిగి బరువుగా ఆగిపోవాలి. గిర్రున రెండు మూడు చుట్లు తిరిగితే కప్లింగ్ అయిపోయినట్టే. మధ్యలో జిడ్డుగా నల్లటి మరక ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కరెంటు ఫ్యాన్ ఉన్న కార్లలో మాత్రం చెయ్యి పెట్టకండి, ఇంజన్ ఆగి ఉన్నా అది ఉన్నట్టుండి తిరగొచ్చు.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు సంగతి కూడా చెప్పాలి. బెల్టు మార్చేటప్పుడో, వాటర్ పంపు విప్పినప్పుడో దాన్ని తీసి, "ఇది లేకపోయినా ఏం కాదులే" అని పక్కన పడేసే మెకానిక్‌లు ఉన్నారు. ఆ కవరు ఉంటేనే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం గుండా గాలి లాగుతుంది. లేకపోతే తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుకుంటూ ఉంటుంది. బండి తెచ్చుకునేటప్పుడు కవరు తిరిగి బిగించారో లేదో మీరే చూసుకోండి.

అపోహ: థర్మోస్టాట్ వాల్వు తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

"అన్నా, ఆ వాల్వు తీసి పారేయి, సల్లగా పోతాది" అని మదనపల్లె వైపు నుంచి వచ్చే డ్రైవర్లు అడుగుతూనే ఉంటారు. ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే ఆ వాల్వు సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. చాలా ఇంజన్లలో అది పూర్తిగా తెరుచుకున్నప్పుడు రేడియేటర్‌ను తప్పించి పోయే పక్కదారిని మూసి, కూలెంట్ మొత్తాన్నీ రేడియేటర్‌కు పంపిస్తుంది. వాల్వు తీసేస్తే ఆ పక్కదారి తెరిచే ఉండిపోతుంది. కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. సాఫు రోడ్డు మీద ఇంజన్ ఉండాల్సిన వేడి లేక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. ఘాట్‌లోనేమో అంతకుముందు కంటే ఎక్కువ హీటెక్కుతుంది. వాల్వు పట్టేసిందని అనుమానం ఉంటే కొత్తది వేయించండి.

అపోహ: రేడియేటర్ లీకైతే పసుపు వేస్తే చాలు, నీళ్లు ఏవైనా ఒకటే.

పసుపు వేస్తే సన్నటి చిల్లు కాసేపు పూడుకుంటుంది, నిజమే. అదే పసుపు సన్నటి అల్యూమినియం ట్యూబుల్లోనూ ముద్ద కడుతుంది. పాత ఇత్తడి రేడియేటర్ల కాలంలో ఎలాగో నడిచింది. ఇప్పటి బండ్లలో అయితే ఒక లీకు ఆపబోయి సగం రేడియేటర్ మూసేసుకున్నట్టే.

మన జిల్లాలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో బకెట్ అంచున పేరుకునే తెల్లటి పొర చెబుతుంది. ఇంజన్ లోపలా అదే పొర కడుతుంది, ఆ సున్నం వేడిని కూలెంట్‌కు చేరనివ్వదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. అలా కలిపినది మామూలుగా 106, 107 డిగ్రీల దాకా మరగదు. పైగా తుప్పు పట్టనివ్వదు. అలాగని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంటే పోసేయకండి. వేడిని మోసుకుపోవడంలో నీళ్లను మించింది లేదు.

అపోహ: హీటెక్కితే వెంటనే రేడియేటర్ మూత తీయాలి, ఆవిరి పోతే చల్లబడుతుంది.

దయచేసి ఈ పని మాత్రం చేయకండి. ఆ మూత స్ప్రింగు లోపల సుమారు ఒక బార్ ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. ఆ ప్రెషర్ వల్లే కూలెంట్ మరిగే స్థానం 130 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. మూత తిప్పిన క్షణంలో ప్రెషర్ పోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట, ఇంకా ఎక్కువైనా ఆగాలి. పై హోస్ పైపు పట్టుకుంటే చెయ్యి కాలకూడదు, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడే గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు గబగబా పోస్తే సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ పగలొచ్చు. మూతలోని రబ్బరు ఎండిపోతే ప్రెషర్ నిలవదు, మంచి బండి కూడా ఘాట్‌లో మరిగిపోతుంది. అంత చౌకైన భాగాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: పెద్ద గేరులో మెల్లగా ఎక్కితే ఇంజన్‌కు సుఖం.

ఇంజన్ మెల్లగా తిరిగితే వాటర్ పంపూ మెల్లగా తిరుగుతుంది, బెల్టు ఫ్యాన్ కూడా అంతే. లోడు మాత్రం తగ్గదు. యాక్సిలరేటర్ అదిమి తొక్కుతారు, డీజిల్ ఎక్కువ మండుతుంది, ఆ వేడిని తీసుకుపోయేవాళ్లు ఉండరు. ఒక గేరు తగ్గించి రెండు వేల ఆర్‌పీఎం పైన ఉంచండి. ముల్లు పైకి లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించండి. లోపల కూర్చున్నవాళ్లకు ఇబ్బందే కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే.

అపోహ: ముల్లు పైకి లేస్తే వెంటనే ఇంజన్ ఆపాలి.

ఇది ఒక్క మాటలో తేల్చే విషయం కాదు. ముల్లు కొంచెం పైకి పోయింది, ఆవిరి లేదు, కూలెంట్ కారడం లేదు అంటే పక్కకు ఆపి ఇంజన్‌ను ఖాళీగా తిరగనివ్వండి. ఫ్యాన్, పంపు నడుస్తూ వేడిని లాగేస్తాయి. టర్బోకు కూడా అదే మంచిది. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. లోడులో ఎక్కి వచ్చి టక్కున ఆపితే ఆయిల్ రాక ఆగిపోతుంది, బేరింగ్‌లో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. పైన పార్కింగ్‌కు చేరాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఆగి ఆపండి. ముల్లు ఎర్ర గీత తాకినా, ఆవిరి వచ్చినా, బెల్టు తెగినా, కింద కూలెంట్ ధారగా కారుతున్నా మాత్రం వెంటనే ఆపేయాలి. కూలెంట్ లేని ఇంజన్‌ను నడిపితే నిమిషాల్లో హెడ్ వంకర పోతుంది.

అపోహ: దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వస్తే ఇంజన్‌కు రెస్టు, డీజిల్ మిగులు.

తిరుమలకు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. దిగే దారిలో వంకరలు ఎక్కువ. ఇంజన్ ఆపితే బ్రేకుకు సాయం పోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని దానంతట అదే ఆపేసుకుంటుంది. అప్పుడు ఇంజన్‌కు వేడీ పెద్దగా ఉండదు. వేడెక్కేది బ్రేకులే, వాటికి గేరు ఆసరా కావాలి.

అపోహ: కొంచెం కొంచెంగా కూలెంట్ తగ్గుతుంటే పోసుకుంటూ నడిపేయొచ్చు.

కూలెంట్ ఊరికే మాయమవదు. బయట లీకు కనబడకుండా తగ్గుతోందంటే హెడ్‌కు కింద లీకు కాకుండా వేసే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిసిన రంగు, ఇవే దాని గుర్తులు. ఈ దశలో చూపిస్తే గ్యాస్కెట్ మార్చి, హెడ్ చదును చేయించుకుంటే సరిపోతుంది. పోసుకుంటూ ఇంకో సీజన్ లాగిస్తే ఇంజన్ మొత్తం విప్పాలి. కొండకు కుటుంబాన్ని తీసుకుని వస్తున్నవాళ్లు బయల్దేరే రోజు పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బాలో మట్టం చూసుకోండి. నింపిన వారానికే గీత కిందికి దిగి ఉంటే ఆ బండిని మీ ఊళ్లోనే మెకానిక్‌కు చూపించి, మీరు బస్సులో రండి.