డిస్కాంట్ అంటే కేక కాదు: డేవిడ్ విల్‌కాక్స్‌పై అపోహలు – వాస్తవాలు

డిసెంబరు రాగానే క్వయర్ ప్రాక్టీసుల్లో ఒకటే మాట: ‘చివరి చరణం కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ వాళ్లలా అదిరిపోవాలి.’ పై గొంతు సోప్రానోలు డిస్కాంట్ కోసం, అంటే అసలు రాగానికి పైన పాడే వేరే రాగం కోసం, పైస్థాయి అందుకుంటారు, కింది గొంతుల ఆల్టో, టెనార్, బేస్ అలవాటైన భాగాలు పాడుతుంటారు, కీబోర్డు మూడు కార్డులతో, అంటే మూడు స్వరాల గుత్తులతో, నెట్టుకొస్తుంది. చివరికి శ్రుతి చెడితే నింద ఆల్టోల మీద పడుతుంది. తప్పు వాళ్లది కాదు, ఆ కింగ్స్ క్వయర్‌ను ఒకప్పుడు నడిపిన డేవిడ్ విల్‌కాక్స్ ఈ చరణాలకు ఏం రాశాడో ఎవరూ చూడకపోవడం.

ముందు చిన్న అపోహలు. మనం పాడే ఆ కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు, ఆయన కట్టినవి కావు. ‘ఓ కమ్ ఆల్ యీ ఫెయిత్‌ఫుల్’, మన ‘సద్భక్తులారా’, ఆ రాగం 18వ శతాబ్దం నాటిది. ఆయనవి పైన పాడే డిస్కాంటూ కింద నడిచే ఆర్గాన్ స్వరమేళమూ. మరో క్వయర్ నిర్దేశకుడు రెజినాల్డ్ జాక్స్‌తో కలిసి 1961లో వెలువరించిన ‘కేరల్స్ ఫర్ క్వయర్స్’ సంపుటితోనే అవి ఊరూరా పాకాయి.

కింగ్స్‌లో తొమ్మిది బైబిలు పాఠాల క్రిస్మస్ ఆరాధనను మొదలుపెట్టింది కూడా ఆయన కాదు. ఆ క్రమం ఇంగ్లండ్‌లోని ట్రూరోలో 1880లో పుట్టింది, కింగ్స్‌కు 1918లో వచ్చింది, రేడియోకెక్కింది 1928లో. విల్‌కాక్స్ పుట్టిందే 1919 డిసెంబరు 30న, కార్న్‌వాల్‌లోని న్యూకీలో. సంగీత దర్శకుడిగా కింగ్స్‌కు వచ్చింది 1957లో, వెళ్లిపోయింది 1974లో. అంతకుముందు సాల్స్‌బరీ, వూస్టర్ కెథెడ్రల్స్‌లో ఆర్గానిస్టు. లండన్ బాక్ క్వయర్‌ను మాత్రం 1960 నుంచి 1998 దాకా నడిపాడు. రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 1969 రికార్డులో వినబడే క్వయర్ అదే. పాపం చర్చి గోడల మధ్యే బతికిన మనిషి అనుకునేవాళ్లకు ఇంకొకటి: 1944 జులైలో నార్మండీలోని 112వ నంబరు గుట్ట దగ్గర పోరాడినందుకు మిలిటరీ క్రాస్ అనే బ్రిటిష్ సైనిక పతకం అందుకున్నాడు.

ఇక అసలు సంగతి. ఆ సంపుటిలో ‘ఓ కమ్’ జి మేజర్‌లో ఉంటుంది. ఆరో చరణానికి డిస్కాంట్. ఏడో చరణానికి డిస్కాంట్ లేదు, నాలుగు భాగాలూ లేవు. అందరూ మెలొడీయే, అంటే అసలు రాగమే, పాడాలి, ఆర్గాన్ మాత్రం కొత్త స్వరమేళంతో నడుస్తుంది. ‘వర్డ్ ఆఫ్ ద ఫాదర్’ దగ్గర మెలొడీ ‘సో’ (మన ‘ప’) మీద నిలుస్తుంది, కిందేమో చెవి ఎదురుచూడని కరకు కార్డు పడుతుంది. అక్కడ ఆల్టో పాత స్వరం పట్టుకుంటే అది తాకుడు కాదు, ఢీకొట్టుడే. ‘మేము నాలుగు భాగాల క్వయర్, ఏకస్వరం పాడితే తక్కువవుతాం’ అన్న పట్టుదల వల్లే ఆ చరణం పాడవుతోంది.

కీబోర్డు వాయించేవారికి ఒక మాట. ఇంటర్నెట్‌లో దొరికే జి, సి, డి సెవెన్ కార్డుల కాగితం ఈ రెండు చరణాలకూ పనికిరాదు. అచ్చులో ఉన్న ఆర్గాన్ భాగమే వాయించండి. ఆర్గాన్‌లా కాళ్లతో వాయించే పెడల్ కీబోర్డుకు లేదు కాబట్టి ఎడమచేతి అట్టడుగు స్వరాన్ని ఒక ఆక్టేవ్ కింద రెట్టించండి. సోప్రానోలకు ఎత్తు ఎక్కువైతే కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండు పెట్టి ఎఫ్‌లో పాడించండి. సోల్ఫా (దో, రే, మీ అక్షరాలు) చూసి పాడేవాళ్లకు కాగితం మార్చక్కర్లేదు, ‘దో’ ఎక్కడో చెబితే చాలు.

ప్రాక్టీసు ఈ వరుసలో: మొదట మెలొడీ, ఆర్గాన్ మాత్రమే, ఏ భాగమూ వద్దు. ఆ కరకు కార్డు మీద అందరినీ ఆపి, నాలుగు లెక్కలు నిలబెట్టి వినిపించండి. తర్వాత డిస్కాంట్ వాళ్లను విడిగా ‘లూ’ మీద, సగం వేగంతో. మాటలు ఆఖర్న. ఇరవై నాలుగు మంది ఉంటే డిస్కాంట్‌కు నలుగురైదుగురు చాలు, మిగిలిన సోప్రానోలు మెలొడీ వదలకూడదు. పైస్వరాలు దూరం వినబడతాయి కాబట్టి గొంతు పెంచాల్సిన పని లేదు. అరిస్తే స్వరం పైకి జారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లూ దానివెంటే పోతారు.

తెలుగులో పాడితే ఇంకో చిక్కు. డిస్కాంట్ ఇంగ్లిషు మాటల కొలతకు రాసింది. ‘నమస్కరింప రండి’ని దానికి బలవంతంగా అతికిస్తే ‘రిం’ మీద పైస్వరం పడి గొంతు బిగుసుకుంటుంది. డిస్కాంట్ వాళ్లు ‘ఆ’ మీద పాడితే సరిపోతుంది, మాటలు కింద వినబడుతూనే ఉంటాయి.

పన్నెండు మందే ఉన్నారని, సోప్రానోలు ఇద్దరేనని దిగులుపడే క్వయర్లు డిస్కాంట్ మానేసి అన్ని చరణాలూ మామూలు నాలుగు భాగాల్లో పాడుకోవచ్చు. ఎవరూ తక్కువగా చూడరు.

‘పాత కేరల్ కదా, జిరాక్స్ తీస్తే ఏం?’ అనేవారికి: రాగం పాతదే, డిస్కాంట్ కాదు. విల్‌కాక్స్ పోయింది 2015 సెప్టెంబరు 17న. మన దేశ కాపీరైట్ చట్టం లెక్కన ఆయన రచనకు హక్కు 2075 చివరి దాకా ఉంటుంది. ఆరాధనలో పాడటానికి చట్టం మినహాయింపు ఇచ్చింది, జిరాక్స్ తీయడానికి కాదు. మనిషికో ప్రతి కొనండి.