ఒకే రిమోట్‌కి మూడు పెట్టెలు: ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ మొండికేస్తుంది

మామూలు రిమోట్ చెప్పడమే గానీ వినదు. బటన్ నొక్కగానే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని గదిలోకి వదిలేస్తుంది. టీవీ దాన్ని అందుకుందా, అసలు ఆన్‌లో ఉందా అన్నది దానికి పట్టదు. టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్ మూడింటినీ ఒక్క రిమోట్‌కి అప్పగించినప్పుడు వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్న డీటీహెచ్ రిమోట్ చూడండి. టీవీ పవర్, వాల్యూమ్ కోసం విడిగా బటన్లుంటే అది చాలాసార్లు లెర్నింగ్ రిమోటే, అంటే వేరే రిమోట్ కోడ్లని నేర్చుకోగలిగేది. వివరాలు కంపెనీని బట్టి మారతాయి గానీ పద్ధతి దాదాపు ఇలాగే ఉంటుంది. దాన్నీ, టీవీ అసలు రిమోట్‌నీ బల్లమీద ఎదురెదురుగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎడంలో పెట్టండి. ఎండ, సీఎఫ్ఎల్ వెలుతురు నేరుగా పడకూడదు. సెటప్ బటన్‌ని ఎర్రలైటు నిలకడగా వెలిగేదాకా నొక్కి పట్టి, నేర్పాల్సిన బటన్ నొక్కండి. లైటు టకటకా మెరుస్తున్నప్పుడు టీవీ అసలు రిమోట్‌లో అదే బటన్ నొక్కి వదలండి. లైటు మెరిసి ఆగితే కోడు ఎక్కినట్టే.

ఈ వరస తప్పితే పని చెడుతుంది. ఎందుకో చూద్దాం. చాలా టీవీలు వాడే ఎన్ఈసీ అనే సంకేత పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పాటు కాంతి, తర్వాత 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, ఆపైన 32 బిట్లు (0 లేదా 1 సంకేతాలు) వస్తాయి. అవి ఏ పరికరానికి, ఏ ఆజ్ఞ అన్నది చెబుతాయి. అంతా కలిపి 70 మిల్లీసెకన్లు కూడా పట్టదు. బటన్ నొక్కే ఉంచితే ఆ 32 బిట్లు మళ్లీ రావు. 'ఇందాకటిదే' అని చెప్పే పొట్టి సంకేతం మాత్రం దాదాపు 108 మిల్లీసెకన్లకోసారి వెళ్తుంది. అసలు రిమోట్‌ని ముందే నొక్కిపట్టి ఆ తర్వాత లెర్నింగ్ మొదలుపెడితే ఎక్కేది ఆ పొట్టి సంకేతమే. దానితో టీవీ ఉలకదు పలకదు.

దగ్గరికెళ్తే పనిచేసి, సోఫాలోంచి పనిచేయకపోతే తప్పు వేరే చోట వెతకాలి. ఈ కాంతి ఊరికే వెలగదు, సెకనుకి వేలసార్లు మినుకుమంటుంది. ఎక్కువ పరికరాలకు ఆ వేగం 38 కిలోహెర్ట్జ్, సోనీకి 40, ఫిలిప్స్ సంకేత పద్ధతి ఆర్‌సీ-5కి 36. చవక రిమోట్లు కొన్ని ఏది నేర్చుకున్నా 38లోనే వదులుతాయి. రిసీవర్‌లోని ఫిల్టర్ తన వేగం కానిదాన్ని పూర్తిగా ఆపదు, బలహీనపరుస్తుంది. దూరం తగ్గేది అందుకే. ఆర్‌సీ-5లో ఇంకో తిరకాసు ఉంది. బటన్ వదిలి మళ్లీ నొక్కిన ప్రతిసారీ ఒక బిట్ మారాలి. కాపీ రిమోట్ ఆ బిట్‌ని మార్చకుండా పంపితే, మీరు బటన్ వదల్లేదని టీవీ అనుకుంటుంది. ఛానల్ నంబరు 11 కొడితే ఒకే 1 పడుతుంది.

ఒక్క నొక్కుతో అన్నీ ఆన్ చేసే మాక్రోలది ఇంకో తంటా. పవర్ బటన్‌కి ఉన్నది ఒకే కోడు. ఆన్‌లో ఉంటే ఆపుతుంది, ఆగి ఉంటే లేపుతుంది. ముందే ఎవరో సౌండ్‌బార్ ఆన్ చేసి ఉంటే, మీ మాక్రో టీవీని లేపి సౌండ్‌బార్‌ని పడుకోబెడుతుంది. లాజిటెక్ హార్మొనీ రిమోట్లు ఏది ఆన్‌లో ఉందో తామే లెక్క పెట్టుకునేవి. లెక్క తప్పితే సరిచేయడానికి హెల్ప్ బటన్ కూడా ఉండేది. 2021లో వాటి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు తేలికదారి హెచ్‌డీఎంఐ-సీఈసీ. శామ్‌సంగ్‌లో ఎనీనెట్+, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ పేరుతో సెట్టింగుల్లో ఉంటుంది. అది పరికరాలు కేబుల్ ద్వారా పరస్పరం మాట్లాడుకునే ఏర్పాటు కాబట్టి ఊహతో పనిలేదు. సౌండ్‌బార్‌ని టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టుకే పెడితే టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది.

ఫైర్ టీవీ స్టిక్‌ని మాత్రం ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో నేరుగా నడపలేం, దాని రిమోట్ బ్లూటూత్‌ది. ఏ బటన్ ఏ రకమో తెలియాలంటే రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కండి. ఊదారంగు మెరుపు కనిపిస్తే ఇన్‌ఫ్రారెడ్, దాన్ని కాపీ చేసుకోవచ్చు. వెనక కెమెరాల్లో ఈ కాంతిని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉండి కనిపించకపోవచ్చు.

హాల్లో ఏసీ కూడా ఉందని దాని బటన్లన్నీ నేర్పబోకండి. ఏసీ రిమోట్ సాధారణంగా ప్రతి నొక్కుకీ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి పంపుతుంది. 'ప్లస్' బటన్ నేర్పాననుకుంటే ఎక్కేది '25 డిగ్రీలు, కూల్, ఫ్యాన్ మీడియం' అనే ఒకే స్థితి. ఎన్నిసార్లు నొక్కినా 26కి పోదు. ఆ కోడు పొడుగు ఎక్కువ కావడంతో చాలా లెర్నింగ్ రిమోట్ల మెమరీలో అది కూడా పట్టదు.