చెయ్యి తిరగడం వెనక కథ

చూళైమేడులో మా ఇంటి కింది అంతస్తులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు ఒకే రోజు అందులో చేరారు. పెద్దమ్మాయి వారంలో ‘ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’ దాటేసింది. చిన్నమ్మాయి ఎడమ చిటికెనవేలు ‘ఏ’ మీద గట్టిగా పడేది కాదు. కాగితం నిండా నల్లటి అక్షరాలుంటే ఆ ఒక్కటీ వెలిసిపోయి కనిపించేది. రెండో వారం తిరక్కుండానే మాస్టారు తీర్పిచ్చేశారు: "నీకు లోయర్ చాలమ్మా, హయ్యర్ జోలికి పోకు. చెయ్యి రావాలి కదా!" టైపు పరీక్షల్లో లోయర్‌కి నిమిషానికి 30 మాటలు కొట్టాలి, హయ్యర్‌కి 45.

రెండో వారంలో చూసిన చేతిని బట్టి ఏడాది తర్వాతి చేతిని చెప్పొచ్చా అన్న తగువు చాలా పాతది. మొదలైంది టైపు మిషను దగ్గర కాదు, దూరదర్శిని దగ్గర.

నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని వాతావరణ కేంద్రం ఆవరణలో మద్రాసు అబ్జర్వేటరీ (ఖగోళ పరిశోధనాలయం) నాటి గ్రానైట్ స్తంభం ఉంది. 1792 నాటిది. దాని మీద తెలుగులో కూడా శాసనం చెక్కారు (మన వాళ్ళలో ఎందరు చూశారో!). ఆ రోజుల్లో నక్షత్రాల కాలాన్ని కంటితో, చెవితో కొలిచేవారు. దూరదర్శినిలో నక్షత్రం సన్నటి తీగను దాటుతుంటే, పక్కనున్న గడియారం టిక్కుటిక్కుల్ని లెక్కపెడుతూ సెకనులో పదో వంతు దాకా అంచనా వేయాలి. ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో ఈ పని చేస్తున్న సహాయకుడు కిన్నెబ్రూక్, ప్రధాన ఖగోళ శాస్త్రవేత్త మాస్కెలిన్ కంటే సెకనులో ఎనిమిది పదో వంతులు ఆలస్యంగా రాస్తున్నాడని తేలింది. చెప్పి చూశారు, మారలేదు. 1796లో ఉద్యోగం ఊడింది. అజాగ్రత్త అనుకున్నారు పాపం.

పాతికేళ్ళ తర్వాత ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో బెస్సెల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకి ఈ కథ కంటపడింది. తన లెక్కల్ని తోటి శాస్త్రవేత్తల లెక్కలతో పోల్చి చూస్తే, ఆరితేరిన వాళ్ళ మధ్యే సెకను పైచిలుకు తేడా! అది తప్పు కాదు, మనిషికీ మనిషికీ ఉండే తేడా. దానికి ‘వ్యక్తిగత సమీకరణం’ అని పేరు పడింది.

ఆ తర్వాత కొలవడమే ఒక వేడుకైంది. 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మూడేసి పెన్నీలు పుచ్చుకుని 9,337 మంది పిడికిలి బలం, దెబ్బ వేగం వగైరాలు కొలిచాడు. ఒక్కొక్కరినీ కొలిచింది మాత్రం ఏదో ఒక పూట. నేర్చుకునే క్రమంలో చెయ్యి ఎలా మారుతుందో ఆ పద్ధతిలో తెలిసే వీల్లేదు. అది 1897లో బ్రయన్, హార్టర్ అనే పరిశోధకులు అమెరికాలో టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ళను వారాల తరబడి గమనిస్తే బయటపడింది. సందేశం అందుకునే వేగం కొన్నాళ్ళు పెరిగి, ఒకచోట మొండికేసి, మళ్ళీ పెరుగుతుంది.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. పైలట్ల ఎంపికకు వాడిన పరీక్షల దారిలో అమెరికాలో ఫ్లైష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన సాగింది. ‘చేతి నేర్పు’ అని మనం ఒకే ముద్దగా అనేదాన్ని ఆయన విడదీశాడు. వేళ్ళ చురుకు వేరు, చెయ్యి వణక్కుండా నిలవడం వేరు, గురి వేరు, కాళ్ళూ చేతులూ కలిపి ఆడించడం వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన ఇంకొకటి ఉండాలని లేదు. మరీ ముఖ్యం, అదే పనిలో మొదటి రోజుల్లో అక్కరకొచ్చిన సామర్థ్యాలు, సాధన ముదిరాక అక్కరకొచ్చేవీ ఒకటి కావు. కాలిఫోర్నియాలోని బర్క్లీలో ఫ్రాంక్లిన్ హెన్రీ అనే పరిశోధకుడు మరో అడుగు ముందుకు వేశాడు. సైగ రాగానే త్వరగా కదలడం మొదలుపెట్టేవాడి చెయ్యి, కదిలాక కూడా వేగంగా పోతుందన్న భరోసా లేదన్నాడు.

అలాగని అంతా సాధనే అనడానికీ వీల్లేదు. తిరిగే చుక్కను పుల్లతో వెంటాడే పరీక్షను కవలల చేత చేయించిన అధ్యయనం 1996లో వచ్చింది. సాధన పెరిగేకొద్దీ పుట్టుకతో వచ్చిన తేడాల పాలు తగ్గలేదు, పెరిగింది. నాకు ఇది మింగుడుపడటానికి టైం పట్టింది. ఆలోచిస్తే సబబే. అందరికీ ఒకే సాధన ఇస్తే, ముందే కొంత నేర్చుకుని వచ్చినవాళ్ళకుండే ఆధిక్యం కరిగిపోతుంది. 2014లో పాత పరిశోధనలెన్నో కలిపి లెక్కేస్తే, మనుషుల మధ్య తేడాల్లో పట్టుబట్టి చేసిన సాధన వాటా సంగీతంలో 21 శాతం, ఆటల పోటీల్లో 18 శాతం తేలింది. మిగతాదంతా పుట్టుకేనని మాత్రం ఆ లెక్క అనలేదు.

మా కింది అంతస్తు అక్కచెల్లెళ్ళు ఇద్దరూ హయ్యర్ రాశారు. పెద్దది మొదటిసారే గట్టెక్కింది, చిన్నది రెండోసారికి. మాస్టారు ఇద్దరి విషయంలోనూ "నేను చెప్పలా?" అన్నారు. చిన్నదాని చిటికెనవేలు ఇప్పటికీ అంతేనట. తను పనిచేసే ఆఫీసులో ఉన్నది కంప్యూటర్ కీబోర్డు. తెర మీద ‘ఏ’ మిగతా అక్షరాలంత నల్లగానే పడుతోంది.