న్యూరోసర్జరీ చేయాలనుకునే ఎంబీబీఎస్ పిల్లలకు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. పోస్టింగ్ అయిపోగానే మిగతావాళ్లు క్యాంటీన్‌కు పరిగెడితే వీళ్లు మాత్రం వార్డు గుమ్మం దగ్గర తచ్చాడుతుంటారు. "సార్, ఒక్క డౌటు" అంటారు. అది సబ్జెక్టు డౌటు కాదని మొహం చూస్తేనే తెలిసిపోతుంది. "న్యూరోసర్జరీ నాకు సరిపోతుందంటారా సార్?" కర్నూలులో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ వింటున్న ప్రశ్నే ఇది. అందరూ చేతుల గురించి, ర్యాంకుల గురించి అడుగుతారు. ఈ పనిలో నన్ను నిజంగా కష్టపెట్టేది ఏమిటని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

అపోహ: చెయ్యి వణకనివాళ్లకే ఈ బ్రాంచి

అందరి చెయ్యీ వణుకుతుంది. గాల్లో చాపి మైక్రోస్కోపు కింద పెడితే నాదీ వణుకుతుంది. అందుకే గాల్లో పెట్టం. మోచేయి కుర్చీ చేతిమీద, మణికట్టు దేనికో ఒకదానికి ఆనుకుని ఉంటాయి. కదిలేవి వేళ్ల కొసలే. ఇది నేర్చుకుంటే వచ్చే విద్య, పుట్టుకతో ఎవరికీ రాదు.

నేర్చుకోవడం ఎలాగంటే, ముందు కోడిగుడ్డుతో. పచ్చిగుడ్డు పెంకును సన్నటి డ్రిల్లుతో కొద్దికొద్దిగా అరగదీయాలి. ఉడికిన గుడ్డు ఒలిచేటప్పుడు గోటికి తగిలే తెల్లటి పొర ఉంటుంది చూడండి, అది చిరగకుండా రూపాయి బిళ్లంత పెంకును ఎత్తెయ్యాలి. పుర్రె కింద మెదడును కప్పి ఉండే డ్యూరా అనే పొర కూడా అట్లాగే అంటుకుని ఉంటుంది. పెంకు పలచబడేకొద్దీ డ్రిల్లు చప్పుడు మారుతుంది. కొన్నాళ్లకు కంటికంటే ముందు చెవే "ఇక ఆపు" అంటుంది. మొదటి వారం నేను పగలగొట్టిన గుడ్లన్నీ హాస్టల్ మెస్‌లో ఆమ్లెట్లయ్యాయి.

ఆ తర్వాత చికెన్ రెక్క. అందులో మిల్లీమీటరు మందం రక్తనాళం ఒకటి ఉంటుంది. దాన్ని కోసి, మళ్లీ 10-0 దారంతో కుట్టాలి. ఆ దారం వెంట్రుకకంటే సన్నం, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఇప్పటికీ నా దగ్గర నేర్చుకునే పిల్లల కోసం బుధవారపేటలో కోళ్ల అంగడికి వెళ్తుంటాను. "రెక్కలేనా సార్, లెగ్గులొద్దా?" అని అంగడాయన జాలిగా చూస్తాడు.

అపోహ: తల తెరిస్తే మనిషి ఇక మనిషి కాడు

దీన్ని ఊళ్లోవాళ్లే కాదు, ఫైనలియర్ పిల్లలు కూడా నమ్ముతారు. పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దాయనను తెచ్చారు. డెబ్బై దాటిన వయసు. పది రోజులుగా కొడుకును కూడా గుర్తుపట్టడం లేదు, పంచెలోనే పోసుకుంటున్నాడు. "మా నాయనకు మతి చెడింది సార్" అన్నాడు కొడుకు. అప్పటికే తాయెత్తు కట్టించారు. గుచ్చి గుచ్చి అడిగితే నెల కిందట పశువుల కొట్టంలో దూలం తలకు తగిలిన సంగతి బయటికొచ్చింది. అప్పుడు రక్తం కారలేదు, బొప్పి కూడా కట్టలేదు.

వయసు పైబడితే మెదడు కాస్త కుంచించుకుపోతుంది. మెదడు పైనుంచి డ్యూరాకు పోయే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి, వారాల తరబడి రక్తం ఊరుతుంది. పేరు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా. పుర్రెకు రెండు రంధ్రాలు వేసి డ్యూరాను కోస్తే, స్కూటర్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌లా నల్లగా బయటికి వస్తుంది. సెలైన్‌తో తెల్లగా వచ్చేదాకా కడిగి, ఒక గొట్టం పెట్టి మూసేస్తాం. మూడోనాడు రౌండ్స్‌కు వెళ్తే ఆ పెద్దాయన "ఉగ్గాని బజ్జీ తెప్పియ్యి" అని కొడుకు మీద అరుస్తున్నాడు. పేరు పెట్టి మరీ.

అన్ని కేసులూ ఇట్లా ఉండవు. కానీ మా పనిలో ఇలాంటి మామూలు కేసుల వాటా పెద్దదే. వెన్నెముక డిస్కులు, పిల్లల తలలో నీరు చేరితే దాన్ని బయటికి మళ్లించడానికి వేసే షంటు గొట్టాలు, తలకు దెబ్బలు. ముక్కులోంచి వెళ్లి మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ తీసే రోజులూ ఉంటాయి, కాకపోతే తక్కువ.

అపోహ: టాపర్లకే సీటు, అదీ డైరెక్ట్ కోర్సైతే చాలా ఏళ్లు మిగులుతాయి

లెక్క వేద్దాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ 3, సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ నీట్ ఎస్ఎస్ రాసి న్యూరోసర్జరీ డిగ్రీ ఎంసీహెచ్ 3. మొత్తం పదకొండున్నర. ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల ఎంబీబీఎస్ తర్వాత నేరుగా చేసే ఎంసీహెచ్ 6 ఏళ్లు. అదీ పదకొండున్నరే. నీట్ పీజీ ర్యాంకుతో దొరికే, నేషనల్ బోర్డు నడిపే డీఆర్‌ఎన్‌బీ డైరెక్ట్ కోర్సు కూడా 6 ఏళ్లే. మిగిలేది ఒక ఎంట్రన్స్, దాని కోసం ఇంట్లో కూర్చునే ఏడాదో రెండేళ్లో. దానికి బదులు జనరల్ సర్జరీలో పొట్ట తెరిచిన అనుభవం పోతుంది. నేను ఎంఎస్ దారిలోనే వచ్చాను, అందుకని ఈ మాటలో నా పక్షపాతం కొంత ఉంది.

ర్యాంకు సంగతికొస్తే, సూపర్ స్పెషాలిటీ సీట్లు మిగిలిపోయి, పర్సంటైల్ తగ్గించి అదనపు రౌండ్లు పెట్టిన సంవత్సరాలున్నాయి. ఇక్కడ ర్యాంకు లేక ఆగినవాళ్లకంటే భయపడి పక్కకు తప్పుకున్నవాళ్లే నాకు ఎక్కువ తెలుసు.

అపోహ: ఆడపిల్లలకు కుదరదు

టి.ఎస్. కనక మద్రాసులో న్యూరోసర్జరీ ఎంసీహెచ్ పూర్తిచేసింది 1968లో. దేశంలో మొదటి మహిళా న్యూరోసర్జన్ ఆమే. అయినా నేను పీజీ చేసిన చోట ఒక పెద్ద మనిషి నా సహాధ్యాయినితో "పెళ్లయితే మానేస్తావు, సీటు దండగ" అన్నాడు, అందరి ముందూ. ఆమె మానలేదు. ఇంతకుమించి ఈ అపోహ మీద సమయం పెట్టను.

అపోహ: ఈ పని హైదరాబాద్, బెంగళూరుల్లోనే

1949లో వెల్లూరులో జాకబ్ చాందీ న్యూరోసర్జరీ మొదలుపెట్టిన నాటికి దేశంలో ఇంకెక్కడా ఆ విభాగం లేదు. మన సీమలో పెద్ద జబ్బంటే ఆ వెల్లూరుకే, "రాయవేలూరుకు తీస్కపోండి" అనడం నా చిన్నప్పుడూ విన్నాను. కానీ తలకు దెబ్బ తగిలినవాడికి అంత వ్యవధి ఉండదు. 44వ నంబరు హైవే మన పక్కనుంచే పోతోంది. పేషెంట్లు గద్వాల నుంచీ, రాయచూరు నుంచీ కూడా వస్తారు.

ఒక రాత్రి డోన్ దగ్గర బైకు మీంచి పడ్డ కుర్రాడిని తెచ్చారు. లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు. స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో స్కోరు 15కి 15. సీటీ స్కాన్‌కు అతనికంటే ముందు ఇద్దరున్నారు. హౌస్ సర్జన్ అమ్మాయి మాత్రం అరగంటకోసారి వచ్చి స్కోరు రాస్తూనే ఉంది. 15, తర్వాత 14, తర్వాత 13. "అలిసిపోయినాడు, పండుకోనీమ్మా" అంది వాళ్లమ్మ. ఆ పిల్ల వినలేదు, రెప్పలెత్తి టార్చి వేసింది. కుడి కంటిపాప పెద్దదైంది. నాకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది: "సార్, కుడి పాప." కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలివైపు ధమని తెగి డ్యూరా పైన రక్తం గడ్డకడుతోంది. గంటలోపు తల తెరిచాం. ఆ కుర్రాడు బతికింది నా డ్రిల్లు కంటే ముందు ఆ మూడు అంకెలవల్ల. ఆ అమ్మాయి ఇప్పుడు పీడియాట్రిక్స్ చేస్తోంది, అది వేరే సంగతి.

అపోహ కానిది: జీవితం ఉండదు

ఇది చాలావరకు నిజం. పెళ్లి భోజనం మధ్యలో విస్తరి ముందునుంచి లేచినవాణ్ని. కానీ నిద్ర లేకపోవడం అలవాటవుతుంది. అలవాటు కానిది ఇంకొకటి ఉంది.

రాత్రి రెండు గంటలు. ఆదోని వైపు కుర్రాడు, ఇరవై రెండేళ్లు. స్కోరు 3. అంతకంటే తక్కువ ఆ స్కేలులో లేదు. రెండు కంటిపాపలూ పెద్దవై వెలుతురుకు కదలడం లేదు, తనంతట ఊపిరీ లేదు. తల తెరిచినా ప్రయోజనం లేదు. వాళ్ల నాయన చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడి "ఎద్దులు అమ్మైనా కడతా సార్, ఆపరేషన్ చేయండి" అంటున్నాడు. "కూర్చో అన్నా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాను. డబ్బుతో అయ్యేది కాదని చెప్పాలి, అదీ ఒకసారి చెబితే చాలదు. ఆయన అదే ప్రశ్న నాలుగు రకాలుగా అడిగాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు, గొంతు పెంచకుండా. నలభై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి థియేటర్ రిజిస్టర్‌లో నా పేరు మీద కేసేమీ లేదు. ఇది నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు, ఇప్పటికీ సరిగ్గా రాదు.

కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు థియేటర్ చూడ్డానికి కాదు, ఒక రాత్రి క్యాజువాలిటీకి రండి. పొద్దుటిదాకా ఉండండి. వచ్చేటప్పుడు సొంత పెన్‌టార్చి తెచ్చుకోండి, వార్డు టార్చిలో బ్యాటరీ ఎప్పుడూ ఉండదు.